ప్రహరీ దాటి చూస్తే: మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో

కొంపల్లి దాటి మేడ్చల్ వెళ్ళే దారికి అటూ ఇటూ ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. రాతి కడీలు పాతి, తీగలు లాగి, అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు వేసేవారు. శామీర్‌పేట వైపూ అంతే. బోర్లు అడుగంటి, కూలి పెరిగి, భూమి ధర పంట ధరను మించిపోయాక పందిళ్ళు పోయాయి. వాటి చోట కోళ్ళఫారాలు, ఫ్యాక్టరీ షెడ్లు, గోదాములు, ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. ఆ పందిళ్ళ కింద కాయలు కోసినవాళ్ళు ఇంకా ఊళ్ళలో ఉన్నారు. ఒక్క తరం కళ్ళముందే ఈ నేల ఇన్ని పనులు మార్చుకుంది.

ఇప్పుడు షెడ్ల వంతు వచ్చింది. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పాత పారిశ్రామిక భూముల మార్పిడికి ఒక విధానం ప్రకటించింది. పేపర్లు దాన్ని 'హిల్ట్' అన్నాయి. ఔటర్ రింగురోడ్డు లోపలా, దాన్ని ఆనుకునీ ఉన్న పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఇళ్ళకు, ఆఫీసులకు, ఆస్పత్రులకు, హోటళ్ళకు వాడుకోవచ్చు. అందుకు రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, పెద్ద రోడ్డు మీదున్న స్థలమైతే 50 శాతం రుసుము కట్టాలి. బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల, ఉప్పల్, నాచారం, కాటేదాన్ పేర్లు కొన్నాళ్ళపాటు రోజూ వార్తల్లో నలిగాయి. కాలుష్యం ఊరు దాటి వెళ్తుందని ప్రభుత్వం అంది. విలువైన భూములు చౌకగా చేతులు మారతాయని ప్రతిపక్షం అంది.

ఆ వాదం నడుస్తుండగానే ఒక దినపత్రిక లోపలి పేజీలో, టెండర్ ప్రకటనల పక్కన, సన్నటి అక్షరాల నోటీసు ఒకటి చదివాను. మేడ్చల్ వైపు కొంత భూమిని తయారీ జోన్ నుంచి నివాస జోన్‌కు మార్చాలన్న ప్రతిపాదన. సర్వే నంబర్లు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు, అభ్యంతరాలూ సూచనలూ ఉంటే 15 రోజుల్లోగా రాసి పంపాలన్న మాట. అంతే. ఆ హద్దుల లోపల ఇప్పుడేముందో, హద్దుకు అవతల ఎవరు బతుకుతున్నారో అందులో లేదు. అది చూడాలనిపించింది. పట్టణ ప్రణాళికలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన మిత్రులొకరు తోడు వస్తానన్నారు. ఇలాంటి ఫైళ్ళు ఎన్నో పరిశీలించిన మనిషి ఆయన.

సికింద్రాబాద్‌లో మేడ్చల్ ఎంఎంటీఎస్ ఎక్కాం. మల్కాజిగిరి, అమ్ముగూడ, అల్వాల్, బొల్లారం దాటేదాకా పట్నం వదలదు. గుండ్లపోచంపల్లి వచ్చేసరికి కిటికీలో బండరాళ్ళు, తుమ్మచెట్లు, మధ్యమధ్య ఒంటరిగా నిలబడ్డ అపార్టుమెంట్లు. గౌడవెల్లి దాటితే మేడ్చల్. ఈ లైను మీద లోకల్ రైలు మేడ్చల్ దాకా రావడం, పక్కన 44వ నంబరు జాతీయ రహదారి, పైన 158 కిలోమీటర్ల ఔటర్, ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కూ, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకూ మెట్రో వేస్తామన్న ప్రకటన, ఇవన్నీ కలిసి ఇక్కడ గజం ధరను నడిపిస్తున్నాయి. రైల్లో మా ఎదుట కూర్చున్న కుర్రవాడు ఫోనులో ఎవరికో అదే వివరిస్తున్నాడు. "మెట్రో రాకముందే తీసుకోవాలె అన్నా, వచ్చినంక మనకందదు" అని.

దారిలో మిత్రులు సంచిలోంచి మ్యాపు తీశారు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) 2031 మాస్టర్ ప్లాన్ అది. 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. నివాసాలకు పసుపు, పరిశ్రమలకు ఊదా, చెరువులకు నీలం. ఔటర్‌కు రెండు వైపులా కిలోమీటరు మేర వృద్ధి కారిడార్, దానికి వేరే నిబంధనలు. "ఈ ఊదారంగులో రెండు రకాల భూములున్నాయి" అన్నారాయన. "ఒకటి, నిజంగా ఫ్యాక్టరీలున్న చోటు. రెండోది, ఫ్యాక్టరీలొస్తాయని రంగు వేసిన చోటు. అక్కడ ఎన్నడూ ఏ షెడ్డూ లేవలేదు, ఇంకా జొన్నే పండుతోంది. జోన్ మార్చమని రెండు చోట్లనుంచీ దరఖాస్తులొస్తాయి. కానీ ఆ రెండింటినీ ఒకే కంటితో చూడకూడదు."

ఆటో మమ్మల్ని పారిశ్రామికవాడ మొదట్లో దింపింది. నోటీసులోని స్థలం మొదటి రకం. ఎత్తైన ప్రహరీ, తుప్పు పట్టిన గేటు, గేటు పక్కన కంకరలో కూరుకుపోయిన వేబ్రిడ్జి. మిత్రులు వచ్చిన పని చెప్తే వాచ్‌మన్ లోపలికి రానిచ్చాడు. ఒడిశా నుంచి వచ్చిన మనిషి. ఫ్యాక్టరీ నడిచినప్పుడు బాయిలర్ దగ్గర పనిచేసేవాడట, మూతపడ్డాక కాపలాకు ఉండిపోయాడు. టైమాఫీసు కిటికీకి ఇంకా కార్డుల చెక్క వేలాడుతోంది; ఖానాల కింద పెయింటుతో రాసిన టోకెన్ నంబర్లు. షెడ్డు కప్పు రేకులు సగం లేచిపోయాయిగానీ ఇనుప స్తంభాలు, వాటి మీద క్రేను నడిచే దూలాలు గట్టిగా ఉన్నాయి. మిత్రులు ఒక స్తంభాన్ని పిడికిలితో కొట్టి చూశారు. "దీన్ని కూల్చాల్సిన పనే లేదు. గోడలు కట్టుకుంటే ఐటీఐ వర్క్‌షాపుకు పనికొస్తుంది, కూరగాయల శీతల గిడ్డంగికి పనికొస్తుంది, పదిమంది చిన్న తయారీదార్లు పంచుకుని వాడుకోవచ్చు. ప్రతిపాదనలో మాత్రం 'ఖాళీ స్థలం' అని ఒక్క మాట రాస్తారు."

షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు వాచ్‌మన్. అక్కడ సిమెంటు తొట్టెలు మూడు, ఒకదానికొకటి గొట్టాలతో కలిపి ఉన్నాయి. మూడో తొట్టె అంచు పగిలింది. అక్కణ్ణుంచి ప్రహరీ దాకా నేల గట్టిపడి నల్లగా ఉంది. చుట్టూ వానలకు మోకాలెత్తు గడ్డి లేచినా ఆ పట్టీలో మొలవలేదు. మిత్రులు వంగి పుల్లతో కొంచెం గీరారు. పైన నలుపు, రెండంగుళాల కింద గోధుమరంగు, ఇంకా కిందికి వెళ్తే పాత మందుల షాపు తలుపు తీసినప్పటి ఘాటు. ఆయన పుల్ల పారేసి చేతులు తుడుచుకున్నారు. "ఇక్కడ పిల్లల ఆటస్థలం గీస్తారు ప్లానులో. ఆకుపచ్చ రంగు వేస్తారు. కింద ఏముందో ఎవరు పరీక్షించాలి?"

ఆ ప్రశ్నకు చట్టంలో ఇప్పుడు కొంత జవాబు ఉంది. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అనుమానమున్న స్థలాన్ని గుర్తించి, మట్టినీ నీటినీ పరీక్షించి, చెడగొట్టినవాళ్ళ చేత శుభ్రం చేయించాలన్నది వాటి వరస. హైదరాబాద్ చుట్టుపక్కల ఈ అవసరం కొత్తదేం కాదు. పటాన్‌చెరు, ఆ వైపే ఉన్న బొల్లారం ఊళ్ళ బోర్లు రసాయనాలతో పాడయ్యాయని 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. కాలుష్య పరిశ్రమలను ఔటర్ అవతలికి పంపాలని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2013లో ఉత్తర్వులిచ్చింది. పరిశ్రమను పంపడం గురించి ఇంత మాట్లాడుకున్నాం. అది వదిలి వెళ్ళే మట్టి గురించి మాత్రం చాలా తక్కువ మాట్లాడుకున్నాం.

బయటికొచ్చి ప్రహరీ చుట్టూ నడిచాం. పడమర వైపు ఇంకో ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. పొగగొట్టం, గేటు ముందు ట్యాంకర్ల వరస. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభైమందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయిన సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. ఒక షెడ్డు స్థానంలో అపార్టుమెంటు లేస్తే, పక్క షెడ్డులో ప్రమాదం జరిగిన రోజు కిటికీల దగ్గర నిలబడేది పిల్లలు. జోన్ మార్పు ఉత్తర్వుల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది: వేరే వాడకం ఉన్న వైపు పచ్చదనపు పట్టీ వదలాలని. కొన్ని మీటర్ల పట్టీ దుమ్మును ఆపుతుందేమో, ద్రావకాల ట్యాంకు మంటను ఆపదు. వాడలో ఒక్కొక్క ప్లాటూ విడివిడిగా మారుతూ పోతే ఇళ్ళూ బాయిలర్లూ ఇలా ఒకే గోడ పంచుకుంటాయి. మారిస్తే ఒక వరస మొత్తం కలిసి మారాలి, లేదా ముందు పక్కవాడి పని ఏమిటో చూసి మారాలి.

తూర్పు వైపు ఊరు. పాత గూన ఇళ్ళ మధ్య వరసగా రేకుల అర్రలు, అర్రకో తలుపు, తలుపుకో తాళం. అరుగు మీద కూర్చున్న అవ్వ మమ్మల్ని చూసి "ప్లాట్ల కోసం వచ్చిండ్రా బిడ్డా?" అంది. కాదని చెప్పి, పక్కనే కూర్చుని నోటీసు సంగతి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

"గా నేల మా మామది" అంది చివరికి. "సర్కారోళ్ళు వచ్చి, కంపినీలొస్తయి, పిల్లగాండ్లకు కొలువులొస్తయి అన్నరు. ఎకరానికి ఇచ్చిన పైసలు పెండ్లికే సరిపోలె. నా కొడుకు ఇరవై ఏండ్లు జేసిండు అండ్ల. బందైనంక ఆటో నడుపుతుండు. లోన్ దెచ్చి ఆరు అర్రలు కడితిమి, బిహారోళ్ళు, ఒడిశోళ్ళు కిరాయికుండేది. ఇప్పుడు నాలుగు ఖాళీ."

"ఇళ్ళు కడతారట అవ్వా. మంచిదేనా?"

"కట్టుకోనీ. ఎవ్వరొద్దన్నరు? మా నీళ్ళ సంగతేంది, మా పిల్లల పని సంగతేంది, గది చెప్పమను. ఎవ్వరన్న అడిగిండ్రా మమ్మల్ని?"

ఆ పేపరు ఆ వీధికి వస్తుందా అని అడిగాను. వచ్చినా ఆ పేజీ ఎవరూ చదవరని ఆమె మనవడు చెప్పాడు. అతను ఇంటర్ చదువుతున్నాడు. నోటీసును ఫోనులో ఫొటో తీసుకుని, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

అవ్వ అడిగింది న్యాయమైన ప్రశ్న. ప్రైవేటు మనిషి సొంతంగా కొనుక్కున్న భూమి సంగతి వేరు. ప్రజావసరమని చెప్పి రైతుల దగ్గర తీసుకుని పరిశ్రమకు కేటాయించిన భూమి మీద ఒక మాట ఉంది. ఉద్యోగాలు కల్పిస్తామన్న మాట. వాడకం మారేటప్పుడు ఆ మాటకు లెక్క చెప్పాలి. రుసుము ఖజానాకు చేరుతుంది. ఊరికి ఏం చేరుతుందన్నది ప్రతిపాదనలో ఒక వరస అయినా ఉండాలి.

మేడ్చల్ నుంచి ఔటర్ పక్క సర్వీసు రోడ్డు పట్టుకుని తూర్పుకు వెళ్ళాం. దేవరయాంజల్ దరిదాపుల్లో ఎటు చూసినా నీలిరేకుల గోదాములు. ఈ ఊరి సీతారామస్వామి గుడికి చెందిన సుమారు 1,500 ఎకరాల మీద వివాదం నడిచి, 2021లో ప్రభుత్వం ఐఏఎస్ అధికారుల కమిటీతో విచారణ చేయించింది. కాగితం మీద దేవుడి మాన్యం, నేల మీద గోదాములు. పటం ఒకటి చెప్పి నేల ఇంకొకటి చెప్పేటప్పుడు, ఏది నిజమో తేల్చుకోకుండా వాడకం మార్చే మాట ఎత్తకూడదని మిత్రులు అన్నారు.

తూంకుంట దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి శామీర్‌పేట చేరుకున్నాం. ఇటువైపు నేల తీరే వేరు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జింకల పార్కు, రిసార్టులు. కొంచెం ముందుకు పోతే తుర్కపల్లి, లాల్‌గడి మలక్‌పేట ఊళ్ళ మధ్య జీనోమ్ వ్యాలీ. 1999లో దాన్ని జీవశాస్త్ర పరిశోధనలకని ప్రత్యేకించారు. కొవాగ్జిన్ టీకా పుట్టింది ఇక్కడే. ప్రహరీల వెనక చెట్లు, గేట్ల దగ్గర షిఫ్టు బస్సులు, రోడ్డు పక్క హోటల్లో ల్యాబు కోట్లు మడిచి సంచిలో పెట్టుకున్న అమ్మాయిలు మిర్చి బజ్జీలు తింటున్నారు. వాళ్ళలో ఇద్దరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఒక చోటును ఒక పనికని అట్టేపెట్టి, ఆ మాట మీద పాతికేళ్ళు నిలబడితే ఏమవుతుందో ఇక్కడ కనిపిస్తుంది. మేడ్చల్‌లో తాళం పడ్డ టైమాఫీసు చూసి వచ్చిన కళ్ళకు అది ధైర్యం ఇచ్చింది.

రాజీవ్ రహదారి కరీంనగర్ వెళ్తుంది. ఆ వైపు జిల్లాల నుంచి పద్మశాలీలు తరాల కిందట బొంబాయి మిల్లులకు వలసపోయారు. 1982 సమ్మె తర్వాత ఆ మిల్లులు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. నగరం నడిబొడ్డున వందల ఎకరాలు ఖాళీ అయ్యాయి. 1991లో అక్కడ తెచ్చిన నిబంధన మంచిదే. మిల్లు భూమిని వేరే పనికి మారిస్తే మూడోవంతు ప్రజల ఖాళీ స్థలానికి, మూడోవంతు ప్రభుత్వ గృహాలకు, మిగతాది యజమానికి. 2001లో దాన్ని సవరించారు. మొత్తం భూమిలో కాకుండా, కట్టడాలు లేని ఖాళీ నేలలో మాత్రమే వాటా ఇస్తే చాలన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందంది. నగరానికి రావలసిన పార్కులు, కార్మికులకు రావలసిన ఇళ్ళు చాలా మేరకు తగ్గిపోయాయి. మిల్లులో మగ్గం నేసిన మన మనిషికి ఆ సవరణ సంగతి ఏ రోజు తెలిసిందో! హైదరాబాద్‌లో ఆల్విన్, డీబీఆర్ మిల్స్, ప్రాగా టూల్స్ ఫ్యాక్టరీలు ముగిసిన తీరు చూసిన మనం, ఇలాంటి మార్పులు జీవోలోని ఒక్క పదంలో జరిగిపోతాయని గుర్తుంచుకోవాలి.

సాయంత్రం శామీర్‌పేట పెద్దచెరువు కట్ట ఎక్కాం. అవతలి ఒడ్డున కొత్త ఇళ్ళు నీటి దాకా దిగుతున్నట్టే ఉన్నాయి. 25 ఎకరాలు మించిన చెరువుకు నిండు నీటి మట్టం నుంచి 30 మీటర్లు వదలాలని 2012 నాటి 168 జీవో చెబుతుంది. మిత్రులు తూము దగ్గర నిలబడి చేత్తో వాలు చూపించారు. "ఊదా పసుపు అయితే బళ్ళు, బోర్లు, మురుగు మూడూ పెరుగుతాయి. మురుగు ఎటు పోతుంది? పల్లానికి. పల్లంలో ఏముంది? ఎప్పుడూ ఒక చెరువే. దరఖాస్తులో ప్లాటు కొలతలుంటాయి. నేను సర్వీసులో ఉండగా కిందివాళ్ళను పంపి వాలు చూసి రమ్మనేవాణ్ణి. ఆ ఒక్క చూపుతో సగం ఫైళ్ళ రూపమే మారిపోయేది."

కట్ట మీద గేదెలు తోలుకొస్తున్న మనిషి మా మాటలు విని ఆగాడు. "మత్తడి దుంకినప్పుడు వస్తే తెలుస్తది సార్, నీళ్ళు ఎటుపోతయో. గా వెంచరు గోడ కట్టినకాడికెల్లి మా పొలంల నిలుస్తున్నయి" అన్నాడు. ఏ కన్సల్టెంటు నివేదికలోనూ దొరకని సమాచారం అది. ఆ మనిషికి నోటీసు అందితే, అదే ఆయన రాసే అభ్యంతరం అయ్యేది.

ఇల్లు చేరాక గడువు లోపలే నా సూచనలు రాసి పంపాను. మార్పు వద్దని రాయలేదు. రైలుకూ రోడ్డుకూ దగ్గర్లో, మూతపడ్డ ఫ్యాక్టరీ చోట ఇళ్ళు రావడం తప్పేమీ కాదు; నగరం పెరగాల్సింది పొలాల మీద కన్నా అలాంటి చోట్లే. ఫైలు కదిలే ముందు కొన్ని కాగితాలు అందులో చేరాలని అడిగాను. తొట్టెలున్న చోట మట్టి, చుట్టుపక్కల బోర్ల నీరు పరీక్షించిన నివేదిక. ప్రహరీ అవతల నడుస్తున్న ఫ్యాక్టరీలో ఏ పదార్థాలు నిల్వ ఉన్నాయో, ఇళ్ళకు ఎంత దూరం కావాలో చెప్పే లెక్క. వాన నీరు, మురుగు ఏ చెరువు దాకా వెళ్తాయో చూపే పటం. నిలబడి ఉన్న షెడ్డులో ఏ భాగాన్ని పనికోసం ఉంచవచ్చన్న పరిశీలన. భూమి ఇచ్చిన ఊరికి ఆ పనిలో, ఆ రుసుములో ఎంత వాటా అన్న మాట. వీటన్నిటికంటే ముందు, నోటీసు ఆ స్థలం గేటుకూ, ఊరి వార్డు ఆఫీసుకూ పెద్ద అక్షరాల్లో అంటించి, ఊరివాళ్ళ ఎదుట చదవాలని రాశాను.

2025 చివర్లో మేడ్చల్, తూంకుంట, గుండ్లపోచంపల్లి మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయాయి. నిర్ణయాలు చేసే బల్ల ఊరికి ఇంకొంచెం దూరం జరిగింది. అందుకే ఆ 15 రోజుల విలువ ఇప్పుడు పెరిగింది. శివార్లలో ఉండేవాళ్ళు పేపర్లో ఆ సన్నటి అక్షరాల పేజీని వదలకండి. మీ ఊరి పేరు కనిపిస్తే సర్వే నంబరు పట్టుకుని ఆ చోటికి నడవండి. పల్లం ఎటో, బోరు నీరు ఏ రంగో, గోడ పక్క ఏ పొగ వస్తుందో మీకు తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు తెలియదు. తెలిసింది రాసి, సంతకం పెట్టి, గడువు లోపల పంపండి. ఫైలులో మీ కాగితం ఉంటే దాన్ని పరిశీలించాల్సిన బాధ్యత వాళ్ళ మీద పడుతుంది.